ఒకే పాపకి రెండు పాస్‌పోర్టులు: ఏ కౌంటర్ దగ్గర ఏది తీయాలి

(కెనడాలో టొరంటో పక్కనున్న మిసిసాగాలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఉన్నదున్నట్టే ఉంచాం.)

నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెట్టేస్తాను.

ముందు ఒక్కసారి చేతులెత్తండి. పిల్లలు అమెరికాలో పుట్టినవాళ్ళు ఎంతమంది? చూశారా, సగం హాలు. దారి అందరిదీ ఒకటే కదా. హెచ్-1బీ మీద డాలసో న్యూజెర్సీయో వెళ్ళారు, అక్కడ పిల్లలు పుట్టారు, గ్రీన్ కార్డు వరస కదల్లేదు, శాశ్వత నివాసం (పీఆర్) ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఇటు కెనడా వచ్చేశారు. అయిదేళ్ళలో 1,095 రోజులు ఇక్కడ ఉన్నట్టు లెక్క చూపించి, ప్రమాణం చేసి, కెనడా పౌరులయ్యారు. పిల్లలకీ మైనర్ దరఖాస్తు పెట్టారు. ఇప్పుడు బీరువా తీస్తే నలుగురికి ఆరు పాస్‌పోర్టులు, నాలుగు ఓసీఐలు, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డులు. ప్రయాణం ముందురోజు రాత్రి ఏవి సంచిలో పెట్టాలి?

అన్నీ పెట్టండి. దాని గురించి వాదనే లేదు. ఆరూ పెట్టండి, నాలుగూ పెట్టండి. గొడవంతా ఏది ఎక్కడ బయటికి తీయాలన్న దగ్గరే వస్తుంది. ఈ రోజు మాట్లాడేది అదే.

దానికంటే ముందు, ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. ఇప్పుడే చెప్పేస్తే మధ్యలో అడ్డం రాదు. కెనడా పాస్‌పోర్టు వచ్చింది కాబట్టి అమెరికా గ్రీన్ కార్డు వరసలో ముందుకి జరుగుతామా? జరగమండి. ఆ వరస పౌరసత్వాన్ని బట్టి ఉండదు, పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. గుంటూరులో పుట్టినవాళ్ళు ఎన్ని పాస్‌పోర్టులు మార్చినా ఆ లెక్కలో ఇండియా వరసలోనే నిలబడతారు.

ఇంట్లో ఎవరికి ఎన్ని పౌరసత్వాలు

కెనడా 1977 ఫిబ్రవరి 15 నుంచి ఇంకో దేశపు పౌరసత్వం ఉన్నా అభ్యంతరం పెట్టడం లేదు. అమెరికా చట్టమూ ఒకటే ఎంచుకోమని బలవంతం చేయదు. అందుకే డాలస్‌లో పుట్టి ఇక్కడ పౌరసత్వం తీసుకున్న పాపకి రెండూ నిజమైనవే. ఆ పాప నూటికి నూరుపాళ్ళు అమెరికన్, నూటికి నూరుపాళ్ళు కెనడియన్. దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఆఫీసరు "ఇంకో పాస్‌పోర్టు ఉందా" అని అడిగితే ఉందనే చెప్పండి. కొంతమంది రెండో పాస్‌పోర్టుని సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి చెకిన్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రెండూ చేతిసంచిలో ఉండాలి.

మరి అమ్మానాన్నల సంగతి? వాళ్ళకి ఒకటే. పౌరసత్వ చట్టం 1955, సెక్షన్ 9. ఇష్టపూర్వకంగా ఇంకో దేశపు పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వం దానంతట అదే పోతుంది. మీరు కాగితం ఇచ్చిన రోజున కాదండీ, ఇక్కడ ప్రమాణం చేసిన రోజున. ఆ రోజు నుంచి మీ చేతిలో ఉన్న ఇండియన్ పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకూడదు, దాన్ని రెన్యూవల్‌కి పెట్టకూడదు. భారత పౌరులు కానివాళ్ళు ఆ సంగతి దాచి పాస్‌పోర్టు తీసుకుంటే పాస్‌పోర్టుల చట్టం 1967, సెక్షన్ 12 ప్రకారం ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా జైలు, పది వేల నుంచి యాభై వేల రూపాయల దాకా జరిమానా ఉంది. "గడువు ఇంకా ఆరేళ్ళుంది, పాడు చేయడమెందుకు" అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. గడువు కాగితానికి ఉంది, మీకు లేదు. ఇండియన్ పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇచ్చే సరెండర్ సర్టిఫికెట్ తీసుకోండి. కెనడాలో బీఎల్ఎస్ అనే ఏజెన్సీ ద్వారా, అమెరికాలో వీఎఫ్ఎస్ అనే ఏజెన్సీ ద్వారా. అది లేకుండా మీ ఓసీఐ దరఖాస్తు ముందుకి కదలదు.

ఓసీఐ పేరులో పౌరసత్వం అన్న మాట ఉంది కాబట్టి ఇది కూడా ద్వంద్వ పౌరసత్వమే కదా అంటారు. కాదు. ఓటు లేదు, పాస్‌పోర్టు లేదు. జీవితాంతం పనిచేసే వీసా అనుకోండి, కొన్ని హక్కులు అదనంగా. కాబట్టి ఓసీఐ ఒక్కటే పట్టుకుని ఎక్కడికీ వెళ్ళలేరు. అది ఎప్పుడూ ఒక పాస్‌పోర్టుతో కలిసే నడుస్తుంది. ఏ పాస్‌పోర్టుతో? అసలు చిక్కు అక్కడే ఉంది, వస్తున్నాను.

ఇంకొకటి. "పిల్లలకి అమెరికా పాస్‌పోర్టుతో పాటు ఇండియన్ పాస్‌పోర్టు కూడా తీసుకోవచ్చా, మేం అప్పటికి ఇండియన్సే కదా" అని ఒకమ్మాయి చీటీ పంపింది. విదేశంలో పుట్టిన బిడ్డని ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేస్తే భారత పౌరసత్వం వస్తుంది, నిజమే. కానీ 2004 డిసెంబరు తర్వాత పుట్టినవాళ్ళకి, ఈ బిడ్డకి వేరే దేశపు పాస్‌పోర్టు లేదు అని తల్లిదండ్రులు రాసివ్వాలి. అమెరికా పాస్‌పోర్టు తీసేసుకుని ఆ మాట రాసిస్తే అది అబద్ధపు వాంగ్మూలం అవుతుంది. రెండూ కుదరదమ్మా.

ప్రమాణం చేసిన రోజుకీ, కెనడా పాస్‌పోర్టు చేతికొచ్చే రోజుకీ మధ్య టికెట్లు కొనకండి. ఎందుకంటే ప్రమాణంతో మీ పీఆర్ కార్డు చెల్లకుండా పోతుంది. ఇండియన్ పాస్‌పోర్టు మీది కాదు. ఈటీఏ, అంటే వీసా అక్కర్లేని విదేశీయులు విమానం ఎక్కేముందు ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, కెనడా పౌరులకి ఇవ్వరు. పౌరసత్వ సర్టిఫికెట్ ఉంది కదా అంటే, అది ప్రయాణ పత్రం కాదు, దాంతో విమానం ఎక్కనివ్వరు. అంటే కొన్ని వారాల పాటు మీరు దేశం వదిలి వెళ్తే విమానంలో తిరిగి రావడానికి ఏ కాగితమూ ఉండదు. పెళ్ళి ముహూర్తం ఆ వారాల్లో పడిందనుకోండి, ప్రమాణం తేదీ మార్చమని ముందే అడగడం నయం.

అడ్డుపడేది ఎక్కువగా ఎయిర్‌లైన్ డెస్కే

జనం భయపడేది ఇమిగ్రేషన్ ఆఫీసరుకి. ఆపేసేది మాత్రం చాలాసార్లు చెకిన్ కౌంటర్లో కూర్చున్న కుర్రాడు. ఎందుకు? దిగే దేశంలోకి అనుమతి లేని మనిషిని ఎక్కించుకొస్తే ఎయిర్‌లైన్‌కి జరిమానా పడుతుంది, వెనక్కి తీసుకెళ్ళే ఖర్చూ దానిదే. అందుకని ఆ అబ్బాయి టైమాటిక్ అనే డేటాబేసులో మీ పాస్‌పోర్టు దేశం, మీరు దిగే దేశం కొట్టి చూస్తాడు. వీసా కావాలి అని వస్తే వీసా చూపించమంటాడు. మీకు ఆ దేశపు పౌరసత్వమే ఉందని అతనికి ఎలా తెలుస్తుంది? మీరు చూపిస్తేనే.

కాబట్టి ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర సూత్రం ఒకటే: ఏ దేశంలో దిగుతున్నారో ఆ దేశంలోకి మిమ్మల్ని రానిచ్చే పాస్‌పోర్టు. ఇమిగ్రేషన్ దగ్గర సూత్రం ఇంకొకటి: ఏ పాస్‌పోర్టుతో ఒక దేశంలోకి వచ్చారో, దానితోనే బయటికి. ఈ రెండూ వేర్వేరు కౌంటర్లు, వేర్వేరు ప్రశ్నలు. ఒకే ఎయిర్‌పోర్టులో, పది నిమిషాల తేడాతో, రెండు వేర్వేరు పాస్‌పోర్టులు చూపించాల్సి రావచ్చు. చూపించండి. అది మోసం కాదు, అదే పద్ధతి.

టొరంటో నుంచి హైదరాబాద్ వెళ్ళి వద్దాం. పాప ఓసీఐ అమెరికా పాస్‌పోర్టు మీద ఉంది. మీలో ఎక్కువమందికి అంతే, ఎందుకంటే అక్కడున్నప్పుడే చేయించేశారు. టొరంటో ఎయిర్‌పోర్టు పియర్సన్‌లో చెకిన్ దగ్గర ఏది? దిగేది ఇండియాలో. ఇండియాలోకి రానిచ్చేది ఓసీఐ. ఆ ఓసీఐ నడిచేది అమెరికా పాస్‌పోర్టుతో. అందుకని అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ. అమ్మానాన్నలవి కెనడా పాస్‌పోర్టులు, వాళ్ళ ఓసీఐలు. ఆన్‌లైన్‌లో ముందే వివరాలు నింపుతారు కదా, అక్కడ కూడా పాపకి అమెరికా నంబరే నింపండి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, నలుగురికీ వరసగా కెనడా నంబర్లు కొట్టేస్తారు. తర్వాత కౌంటర్లో ఓసీఐ తీస్తే అందులో ఉన్న పాస్‌పోర్టు నంబరు వేరు, దేశం కూడా వేరు. అక్కడ సూపర్‌వైజర్ రావాలి, ఫోన్లు చేయాలి, మీ వెనక వరస పెరుగుతూ ఉంటుంది.

కెనడాలో బయటికి వెళ్ళేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు. అమెరికాలోనూ ఉండదు. ఎయిర్‌లైన్ పంపే జాబితానే వాళ్ళకి రికార్డు. ఇండియాలో ఉంటుంది. శంషాబాద్‌లో దిగాక అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ చూపిస్తే ఆ పాస్‌పోర్టులోనే స్టాంపు పడుతుంది. ఆ స్టాంపు ఎందులో పడిందో ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. నెలరోజులు చుట్టాల ఇళ్ళు తిరిగి వచ్చేసరికి ఏది ఇచ్చామో మర్చిపోతారు, నవ్వకండి, జరిగేదే.

ఇక తిరుగు ప్రయాణం. శంషాబాద్‌లో చెకిన్. దిగేది కెనడాలో. ఇప్పుడేది? కెనడా పాస్‌పోర్టు. కాబట్టి ఆన్‌లైన్‌లో తిరుగు ప్రయాణానికి వివరాలు విడిగా మార్చండి. చాలా యాప్‌లు వెళ్ళేటప్పటి నంబరునే పట్టుకుని కూర్చుంటాయి. ఆ తర్వాత ఇండియా ఇమిగ్రేషన్ దగ్గర? అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ. స్టాంపు అందులో ఉంది కాబట్టి. అక్కడ కెనడాది ఇస్తే ఆఫీసరు పేజీలు తిప్పి, ఈ పాప ఇండియాలోకి ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది అంటారు. మళ్ళీ పియర్సన్‌లో దిగాక కెనడాది. అంతే. అర్థమైందా? కౌంటర్ మారినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, "వీళ్ళు అడిగేది దిగడం గురించా, వెళ్ళడం గురించా" అనుకోండి.

ఒకవేళ తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో పాపకి అమెరికా పాస్‌పోర్టే చూపించారనుకోండి. అప్పుడు కూడా ఎక్కనిస్తారు. అమెరికా పౌరులకి కెనడా రావడానికి ఈటీఏ అక్కర్లేదు. 2016 నవంబరు 10 నుంచి ద్వంద్వ పౌరులు విమానంలో కెనడా రావాలంటే చెల్లుబాటులో ఉన్న కెనడా పాస్‌పోర్టు తప్పనిసరి చేశారు. మినహాయింపు ఒక్క అమెరికన్-కెనడియన్లకే. వాళ్ళు అమెరికా పాస్‌పోర్టుతో రావచ్చు, కెనడా పౌరులమన్న రుజువు వెంట ఉంచుకుంటే మంచిది.

కానీ ఈ సౌకర్యం చూసి ఇంగ్లండు మీదుగా వచ్చిన కుటుంబాలు మోసపోకూడదు. మీ అబ్బాయికి బ్రిటిష్ పాస్‌పోర్టు, కెనడా పౌరసత్వం ఉన్నాయి, కెనడా పాస్‌పోర్టు గడువు అయిపోయింది. బ్రిటిష్ పాస్‌పోర్టు మీద ఈటీఏ తీసుకుందామంటే, పౌరుడికి ఈటీఏ ఇవ్వరు. అది లేకుండా ఎయిర్‌లైన్ ఎక్కించుకోదు. ప్రయాణం పది రోజుల్లోపు ఉంటే, వీసా అక్కర్లేని దేశపు పాస్‌పోర్టు చేతిలో ఉంటే, ఒక్కసారికి పనికొచ్చే ప్రత్యేక అనుమతి కోసం ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్లో దరఖాస్తు చేయొచ్చు. అది గండం గట్టెక్కడానికి తప్ప అలవాటుగా వాడుకునేది కాదు. బ్రిటన్ కూడా ఇప్పుడు అదే దారి పట్టింది. 2026 ఫిబ్రవరి 25 నుంచి బ్రిటిష్ ద్వంద్వ పౌరులు బ్రిటిష్ పాస్‌పోర్టు గానీ, బ్రిటన్‌లో ఉండే హక్కుని రుజువు చేసే సర్టిఫికెట్ (సర్టిఫికెట్ ఆఫ్ ఎంటైటిల్‌మెంట్) గానీ చూపించాలి. ఆ నియమం వచ్చినప్పుడు ఆ సర్టిఫికెట్ ఖరీదు 589 పౌండ్లు. పాస్‌పోర్టు రెన్యూవల్ దానికంటే ఎంతో చవక, ఆలోచించుకోండి.

ఈటీఏలు, ఇ-వీసాలు, ఎస్టాలు (అమెరికా ఇచ్చే అలాంటి ఆన్‌లైన్ అనుమతులు), ఇవన్నీ పాస్‌పోర్టు నంబరుకి కట్టేసి ఉంటాయి, మనిషికి కాదు. లండన్‌లో ఒక రాత్రి హోటల్లో ఉందామని పాపకి అమెరికా నంబరు మీద బ్రిటన్ ఈటీఏ తీసి, కౌంటర్లో కెనడా పాస్‌పోర్టు ఇస్తే సిస్టంలో ఏమీ కనిపించదు. హీత్రోలో బయటికి రాకుండా విమానం మారడం వరకైతే ఇప్పుడు ఈటీఏ అవసరం లేదు. బయట అడుగుపెడితే కావాలి.

నయాగరా దాటేటప్పుడు

అమెరికా ప్రయాణం మీరనుకున్నంత తేలిక కాదు, ఎందుకంటే రోజూ వెళ్ళొచ్చే ఊరు కదా అని ఎవరూ ఆలోచించరు. అమెరికా చట్టం స్పష్టంగా ఉంది: అమెరికా పౌరులు అమెరికా పాస్‌పోర్టుతోనే ఆ దేశంలోకి రావాలి, దానితోనే వెళ్ళాలి. పాప పౌరురాలు. పాప కెనడా పాస్‌పోర్టు చూపిస్తే ఏమవుతుంది? ఆ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు రాసుంటుంది, పక్కన యూఎస్ఏ అని ఉంటుంది. ఆఫీసరు చూసేది మొదట దాన్నే. "ఈమెది అమెరికా పాస్‌పోర్టు ఏదీ?" అంటారు. చివరికి పంపించొచ్చు, పక్కగదిలో కూర్చోబెట్టొచ్చు. రెండూ వద్దు.

పియర్సన్ నుంచి అమెరికా వెళ్ళే విమానాలకి అమెరికా ఇమిగ్రేషన్ టొరంటోలోనే అయిపోతుంది. కాబట్టి అక్కడ పాపకి అమెరికాది, అమ్మానాన్నలకి కెనడాది. కెనడా పౌరులకి సందర్శనకి వీసా అక్కర్లేదు, ఎస్టా కూడా అక్కర్లేదు. కారులో వెళ్తే, పదహారేళ్ళలోపు అమెరికా పిల్లలకి భూసరిహద్దు దగ్గర జనన ధ్రువపత్రం సరిపోతుంది. పాస్‌పోర్టు రెన్యూవల్‌కి పంపి ఉన్నప్పుడు బఫెలో దాకా వెళ్ళడానికి ఇది పనికొస్తుంది. విమానానికి పనికిరాదు. కారులో తిరిగొచ్చేటప్పుడు కెనడా బూత్ దగ్గర పాపది కెనడా పాస్‌పోర్టు.

మీరు అటు అడుగుపెట్టిన రికార్డే ఇటు కెనడా నుంచి బయటికి వెళ్ళిన రికార్డవుతుంది, రెండు దేశాలూ పంచుకుంటాయి. అందుకని "మేం ఎక్కడికీ వెళ్ళలేదు" అనే మాటలు చెల్లవు.

ఒక తల్లి లేదా ఒక తండ్రి మాత్రమే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం నోటరీ చేయించి పెట్టుకోండి. చట్టం తప్పనిసరి చేయలేదు, కానీ ఆఫీసరు అడిగే హక్కుంది. అందులో పిల్లల పాస్‌పోర్టు నంబర్లు రెండూ రాయండి. ఒకటే రాసి, రెండోది చూపిస్తే ఆ పత్రం ఎవరి గురించో అన్నట్టు ఉంటుంది.

పేర్లు

అసలు మన తెలుగువాళ్ళ తలనొప్పి ఇది. నాన్న ఇండియన్ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అమెరికా వీసాలో ముందు పేరు బదులు ఎఫ్ఎన్‌యూ, అంటే ముందు పేరు తెలియదు, అని పడింది. పాప జనన ధ్రువపత్రంలో చివరి పేరుగా నాన్న పేరు పెట్టారు, తమ్ముడికి ఇంటిపేరు పెట్టారు. ఒకే అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, రెండు వేర్వేరు చివరి పేర్లు! అది కూడా నెట్టుకు రావచ్చు. నెట్టుకు రాలేనిది ఏమిటంటే, ఒకే పాపకి రెండు పాస్‌పోర్టుల్లో రెండు పేర్లు.

టికెట్టు ఒకటే. అందులో పేరు ఒకటే. వెళ్ళేటప్పుడు ఒక పాస్‌పోర్టు, వచ్చేటప్పుడు ఇంకోటి. పేరు తేడా ఉంటే ఒక వైపు ఆగిపోతారు. పాస్‌పోర్టు కింద మెషీన్ చదివే రెండు వరసలుంటాయి కదా, ఒక్కో వరసలో 44 అక్షరాలు, అందులో పేరుకి 39 గళ్ళు. వెంకట సత్య సాయి శ్రీ హర్షిత అని పెట్టి, దాని ముందు పొడుగు ఇంటిపేరు తగిలిస్తే ఆ గళ్ళు చాలవు, తోక తెగిపోతుంది. ఆ తెగడం ఒక్కో దేశం ఒక్కోలా తెంపొచ్చు. గీతలు, చుక్కలు ఆ వరసలో ఉండవు కాబట్టి వాటి గురించి కంగారు పడకండి. మధ్య పేరు, మొదటి పేరు కలిసి టికెట్టులో అతుక్కుపోయినా మామూలే. అక్షరం తేడా, పేరు క్రమం తేడా, ఒక పేరు పూర్తిగా లేకపోవడం, ఇవి చూసుకోండి. టికెట్టు కొనేముందు రెండు పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టి, అడుగున మెషీన్ చదివే వరసలో పేరు ఎలా ఉందో చూడండి, పైన అచ్చయిన పేరు కాదు.

కెనడా వైపు దిద్దించాలంటే ముందు పౌరసత్వ సర్టిఫికెట్‌లో పేరు దిద్దించాలి, పాస్‌పోర్టు దాన్ని బట్టే వస్తుంది. తిన్నగా పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్తే వెనక్కి పంపుతారు. అమెరికా పాస్‌పోర్టులో అచ్చు తప్పు అయితే డీఎస్-5504 ఫారం.

ఓసీఐ ఏ పాస్‌పోర్టు మీద ఉండాలి

ఇప్పుడు ముందు వాయిదా వేసిన ప్రశ్న. కొత్తగా చేయించేవాళ్ళు ఏ పాస్‌పోర్టు మీద చేయించాలి?

పిల్లలు ఇక్కడే పెరుగుతుంటే కెనడా పాస్‌పోర్టు మీద చేయించండి, నా మాట వినండి. ఇండియా వెళ్ళి రావడానికి అటూ ఇటూ ఒకే పాస్‌పోర్టు సరిపోతుంది. ఇందాక చెప్పిన కౌంటర్ గారడీ అంతా తప్పుతుంది. ఇంకో కారణం రెన్యూవల్. పిల్లల పాస్‌పోర్టులు రెండు దేశాలవీ అయిదేళ్ళకే. కెనడాది ఫారం నింపి పంపిస్తే అయిపోతుంది. అమెరికాది పదహారేళ్ళలోపు అయితే ప్రతిసారీ డీఎస్-11 ఫారం, పాపని వెంటబెట్టుకుని తల్లీతండ్రీ ఇద్దరూ టొరంటో కాన్సులేట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాలి. ఒకరు రాలేకపోతే డీఎస్-3053 అనే సమ్మతి ఫారం నోటరీ చేయించి పంపాలి. జూన్‌లో ప్రయాణం పెట్టుకుని ఏప్రిల్‌లో గడువు చూసుకుంటే అపాయింట్‌మెంటు ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పటికే అమెరికా పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్ళు? అలాగే ఉంచేయండి. ఓసీఐని వేరే దేశపు పాస్‌పోర్టు మీదకి మార్చడమంటే జాతీయత వివరం మార్చడం, కొత్త ఓసీఐ తీసుకోవడమే. అంత పని ఇప్పుడెందుకు? ఎలాగూ ఇరవై ఏళ్ళు నిండాక వచ్చే మొదటి పాస్‌పోర్టుకి ఓసీఐ ఒకసారి కొత్తది చేయించుకోవాలని నియమం. మార్చదలచుకుంటే అప్పుడు ఒకేసారి మార్చుకోవచ్చు. అమ్మాయి యూనివర్సిటీకి, ఉద్యోగానికి అమెరికా వెళ్ళేలా ఉంటే అసలు మార్చనే అక్కర్లేదు.

ఆ నియమం కూడా చాలామంది పాతదే చెప్పుకుంటున్నారు. 2021లో మారింది. ఇరవై లోపు ప్రతి కొత్త పాస్‌పోర్టుకీ కొత్త ఓసీఐ అక్కర్లేదు. పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలల్లోపు దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి, డబ్బు కట్టక్కర్లేదు. ఇరవై దాటాక ఒకసారి కొత్త ఓసీఐ. యాభై దాటాక వచ్చే పాస్‌పోర్టుకి మళ్ళీ ఒకసారి అప్‌లోడ్. ఇరవై దాటాక మొదటిసారి ఓసీఐ తీసుకున్న మీలాంటివాళ్ళకి ఆ ఇరవై దాటాక కొత్తది చేయించుకోవడం కూడా లేదు. పాత పాస్‌పోర్టు కూడా మోసుకెళ్ళాలన్న నియమమూ 2021లోనే పోయింది. అయినా పాతది పారేయకండి, ఓసీఐలో అచ్చయిన నంబరు దానిదే కాబట్టి కౌంటర్లో అర్థంకాని కొత్తవాళ్ళకి చూపించడానికి పనికొస్తుంది.

ఓసీఐ ఎందుకు, ఇ-వీసా చాలు అనేవాళ్ళున్నారు. 2023 సెప్టెంబరు 21న కెనడా పౌరులకి ఇండియా వీసాలు ఆపేశారు గుర్తుందా? కొన్ని రకాల వీసాలు అక్టోబరు 26న మొదలైనా, ఇ-వీసా మళ్ళీ మొదలైంది నవంబరు 22న. ఆ రెండు నెలలూ ఓసీఐ ఉన్నవాళ్ళు మామూలుగానే వెళ్ళొచ్చారు. ఓసీఐ లేని కెనడా పాస్‌పోర్టులవాళ్ళు మొదట్లో కొన్ని వారాలైనా, ఊళ్ళో పెద్దవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నా ఆగిపోవాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో 2025 జనవరి నుంచి ఓసీఐ ఉన్నవాళ్ళకి కూడా ఫాస్ట్ ట్రాక్ గేట్లు ఉన్నాయి. ముందు పోర్టల్‌లో నమోదు చేసుకుని వేలిముద్రలు ఇవ్వాలి. అది కూడా పాస్‌పోర్టు గడువుతో ముగుస్తుంది, గరిష్ఠంగా అయిదేళ్ళు.

పోతే

ఇండియాలో పాస్‌పోర్టు పోయిందనుకోండి. పాపది, స్టాంపు పడిన అమెరికా పాస్‌పోర్టు. చాలామందికి వెంటనే తోచేది, "కెనడాది ఉంది కదా, దాంతో వచ్చేద్దాం." ఎయిర్‌లైన్ ఎక్కిస్తుంది కూడా. ఇమిగ్రేషన్ మాత్రం వదలదు, అందులో ఎంట్రీ స్టాంపు లేదు కాబట్టి. ముందు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు, దాని కాపీ. తర్వాత నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్, అక్కడ అత్యవసర పాస్‌పోర్టు ఇస్తారు. ఆ కొత్త పుస్తకంలో కూడా స్టాంపు ఉండదు, అందుకని విదేశీయుల నమోదు కార్యాలయం వాళ్ళ ఇ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో ఎగ్జిట్ పర్మిట్‌కి, అంటే దేశం వదిలి వెళ్ళే అనుమతికి, దరఖాస్తు చేయాలి. స్టాంపు పేజీ ఫొటో తీసుకోమన్నాను చూడండి, ఆ ఫొటో ఇక్కడ అవసరమవుతుంది. ఈ పని ఒక్క రోజులో అవదు, టికెట్టు మార్చుకోవడానికి సిద్ధపడండి.

పోయింది అమ్మ కెనడా పాస్‌పోర్టు అయితే పని ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో కెనడా కాన్సులేట్ లేదు. ఢిల్లీలో హైకమిషన్‌ని సంప్రదించాలి. నేను ఓసీఐ కెనడా మీద చేయించమన్నానే, దానికి ఎదురు వాదన ఇదొక్కటే, ఒప్పుకుంటాను. అయినా పాస్‌పోర్టు పోగొట్టుకోవడం అరుదు, కౌంటర్ దగ్గర తికమక ప్రతి ప్రయాణంలోనూ ఉంటుంది.

రెండు దేశాల పౌరులం కాబట్టి ఎక్కడ ఇరుక్కున్నా రెండు ప్రభుత్వాలూ వస్తాయనుకోకండి. 1930 నాటి హేగ్ ఒప్పందం నుంచీ ఉన్న పద్ధతి ఏమిటంటే, ఒక దేశం తన పౌరుణ్ణి ఆ మనిషికి పౌరసత్వమున్న రెండో దేశం నుంచి కాపాడటానికి దౌత్యపరంగా అడ్డుపడదు. అమెరికాలో పాపకి ఏదైనా సమస్య వస్తే కెనడా కాన్సులేట్ చేయగలిగింది తక్కువ. ఇండియాలో అయితే ఏ పాస్‌పోర్టుతో వచ్చారో ఆ దేశపు కాన్సులేట్‌నే అక్కడి అధికారులు ముందు గుర్తిస్తారు.

సరేనండి, చీటీలు చాలా ఉన్నాయి. పన్నుల గురించి అడిగినవాళ్ళు, అమెరికాలో పుట్టిన పిల్లలు పెద్దయ్యాక ఇక్కడున్నా అక్కడ రిటర్ను వేయాల్సిన సంగతి, దాన్ని ఇంకో రోజు పన్నులు తెలిసినవాళ్ళతో పెట్టుకుందాం. ప్రయాణాల చీటీలు ఇటివ్వండి, వరసగా చదువుతాను.